ఏ సంవత్సరం కోటు కావాలి?

అందరికీ నమస్కారం. కటింగ్ క్లాసు ఆపి మరీ నాకు ఈ గంట ఇచ్చారు. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

మన దగ్గర ఏ టైలర్‌నైనా "చైనీస్ కాలర్ పెట్టండి" అని అడిగితే మడత లేని నిలువు పట్టీ కాలర్ పెడతారు. కుర్తాలకి, షర్టులకి మనం రోజూ వాడే మాటే ఇది. షాంఘైలో ఉద్యోగం చేస్తున్నప్పుడు పాతకాలపు చైనా సూటు ఒకటి కుట్టించుకోవాలనిపించి, గుంటూరులో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. నాన్న టైలర్. "చైనీస్ కాలరేగా, దానికి అక్కడ అంత డబ్బు పోయడం ఎందుకురా, నేనే కుట్టి పంపుతాను" అన్నారు. నేను కూడా అదే కాలర్ అనుకున్నాను. ఇద్దరమూ పొరబడ్డాం. నాకు కావలసింది జోంగ్‌షాన్ కోటు. దాని కాలర్ మెడ చుట్టూ నిలబడి, పైనుంచి కిందికి మడుచుకుంటుంది. గొంతు దగ్గర హుక్కు పెట్టి మూసేస్తారు.

సన్ యట్‌సేన్‌ని చైనాలో సన్ జోంగ్‌షాన్ అంటారు. 1912 జనవరి 1న చైనా రిపబ్లిక్‌కి తాత్కాలిక అధ్యక్షుడైన మనిషి. పొడవాటి అంగీ వేసుకుంటే పోయిన రాజుల కాలం గుర్తొస్తుంది, టై కట్టి సూటు వేసుకుంటే పరాయి దేశం గుర్తొస్తుంది. కొత్త దేశానికి తనదైన బట్ట కావాలి. జపాన్ విద్యార్థుల యూనిఫాం నుంచి కొంత, పాశ్చాత్య సైనికుల కోటు నుంచి కొంత తీసుకుని ఈ కోటు తయారైంది. మొదట కుట్టింది మేమే అని చెప్పుకునేవాళ్లు ఒకరికంటే ఎక్కువ మంది ఉన్నారు. అందులో షాంఘై నాన్‌జింగ్ రోడ్డు మీద ఉండిన రోంగ్‌చాంగ్‌షియాంగ్ షాపు పేరు బాగా వినిపిస్తుంది. ఆ షాపు నడిపింది నింగ్‌బో వైపు నుంచి వచ్చిన టైలర్లు. వాళ్లని హోంగ్‌బాంగ్ అంటారు, అంటే ఎర్ర జట్టు. ఎర్రజుట్టు వాళ్లకి, అంటే యూరోపియన్లకి, సూట్లు కుట్టేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు.

నేను వెళ్లిన మొదటి షాపు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మెడ ఎంత ఉందో అంతే కొలిచారు, వదులు అసలు ఇవ్వలేదు. హుక్కు పెట్టుకుంటే తల తిప్పలేకపోయాను. హుక్కు తీసేస్తే అది జోంగ్‌షాన్ కోటే కాదు. డబ్బు పోయింది, ఆ బాధ చాలా రోజులు ఉంది.

తర్వాత ఒక పెద్దాయన దొరికారు. అక్కడ పని తెలిసినవాళ్లని షీఫూ అని పిలుస్తారు, మనం 'మాస్టర్' అంటామే, అలా. షీఫూ టేపు తీయలేదు. "ఏ సంవత్సరం కోటు కావాలి?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. బల్ల మీద పాత ఫోటోలు పరిచారు. తొలి రోజుల కోట్లలో ముందు ఏడు బొత్తాలు, వీపు మీద నడిమి కుట్టు, నడుము దగ్గర అర బెల్టు ఉన్నాయి. తర్వాతి వాటిలో బొత్తాలు ఐదే, వీపు ఒకే ముక్క. 1956లో షాంఘై టైలరింగ్ షాపులు కొన్ని బీజింగ్‌కి తరలాయి. అక్కడ మావో కోసం కాలర్ వెడల్పు చేసి, మొనలు సాగదీశారు. బయటి ప్రపంచం మావో సూట్ అనేది దీన్నే.

ఇక్కడే నేను మీకు గట్టిగా చెప్పాలనుకున్న సంగతి ఉంది. పాతకాలపు బట్ట అని ఎవరైనా ఆర్డర్ తెస్తే, కొలతల కంటే ముందు కాలం ఖాయం చేసుకోండి. ఒకరి కాలర్, ఇంకొకరి జేబు, మరో కాలపు బొత్తాలు కలిపితే అది ఏ రోజూ ఎవరూ వేసుకోని కోటవుతుంది. ఐదు బొత్తాలంటే ప్రభుత్వంలోని ఐదు శాఖలనీ, నాలుగు జేబులంటే నాలుగు సుగుణాలనీ, చేతి మీది మూడు బొత్తాలంటే సన్ చెప్పిన మూడు సూత్రాలనీ అంటారు. బాగుంటుంది వినడానికి. కానీ ఏడు బొత్తాల ఫోటో చూశాక ఆ అర్థాలు తర్వాత చేరాయని నాకు నమ్మకం కుదిరింది.

నేను ఐదు బొత్తాల చిన్న కాలర్ కోటు ఎంచుకున్నాను, బూడిద రంగు ఉన్ని సర్జ్‌లో. షీఫూ ఛాతీ కొలిచి 29 అని రాసుకున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది, నా ఛాతీ 38 కదా! ఆయన టేపు తిప్పి చూపించారు. అది చైనా అంగుళం, త్సున్ అంటారు, 3.33 సెంటీమీటర్లు. లెక్క వేస్తే సరిగ్గా సరిపోయింది. మెడ దగ్గర మాత్రం టేపు లోపల రెండు వేళ్లు పెట్టి కొలిచారు.

జేబులు చూడండి. పై రెండూ చదునుగా ఉంటాయి, ఎడమ జేబు మూతకి పెన్ను దూరే చిన్న సందు ఉంటుంది. కింది రెండింటికీ పక్కన మడతలు పెడతారు, పుస్తకం పెడితే హార్మోనియం తిత్తిలా తెరుచుకుంటాయి.

అసలు పని వీపుది. నేను ఎంచుకున్న కాలపు కోటుకి వీపు మధ్య కుట్టు లేదు. మనమైతే ఆ కుట్టులోనే నడుము లోపలికి తీసి, భుజం ఎముక దగ్గర గుండ్రం తెస్తాం. కుట్టే లేకపోతే ఆ గుండ్రం ఎక్కడి నుంచి రావాలి? ఇస్త్రీ నుంచి. హోంగ్‌బాంగ్ వాళ్లు నాలుగు విద్యలు అంటారు: కత్తెర, చేతి కుట్టు, మిషన్, ఇస్త్రీ. షీఫూ తడిగుడ్డ వేసి, బరువైన ఇస్త్రీ పెట్టెని వీపు ముక్క అంచు నుంచి లోపలికి తోశారు. బుస్సుమని ఆవిరి లేచింది, తడిసిన ఉన్ని వాసన వచ్చింది. ఎక్కువున్న బట్టని ముడుచుకునేలా చేస్తూ, కావలసిన చోట సాగదీస్తూ వెళ్లారు. పది నిమిషాలకి బల్ల మీది చదునైన గుడ్డ అరచెయ్యి దొప్పలా లేచి నిలబడింది. ఉన్ని కాబట్టి అలా వంగింది. పాలియెస్టర్ అయితే మాట వినదు.

పని చేస్తూ ఆయన బట్టల కూపన్ల రోజులు చెప్పారు. 1954 నుంచి 1983 దాకా కూపన్ లేనిదే గుడ్డ దొరికేది కాదు. షాంఘైలో చొక్కాకి బదులు కాలర్, దాని కింద జానెడు గుడ్డ మాత్రం కుట్టించుకుని కోటు లోపల వేసుకునేవాళ్లట. బయటికి కనిపించే కాలర్ శుభ్రంగా ఉండాలన్న ఆ పట్టుదల విన్నాక నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది.

కచ్చా కుట్టు మీద ఒక ట్రయల్, లైనింగ్ వేశాక ఇంకో ట్రయల్. రెండోసారి హుక్కు పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పాను. ఎక్కడా పట్టలేదు.

సెలవులకి వచ్చినప్పుడు కోటు నాన్న చేతిలో పెట్టాను. ఆయన కాలర్ చూడలేదు. టైలర్ కదా, ముందు లోపలికి తిరగేశారు. కాజాలు గోటితో తడిమారు. తర్వాత మళ్లీ పైకి తిప్పి, వీపు మీద నడిమి కుట్టు కోసం బొటనవేలు పై నుంచి కిందికి రాసుకుంటూ వెళ్లారు. దొరకలేదు. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి వెతికారు.

"ఇదంతా ఇస్త్రీతోనే తెచ్చాడారా?" అన్నారు.

అవునన్నాను. అమ్మని పిలిచి, మూల పెట్టిన పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె బయటికి తీయమన్నారు.