ముందు సంబంధం, తర్వాతే కొలత

నమస్కారం. బాలానగర్, జీడిమెట్ల మెషిన్ షాపుల్లో పనికి చేరబోయే ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు ఇక్కడ ఉన్నారు. అందుకే ఒక్క ప్లేటు పట్టుకుని మాట్లాడుకుందాం: వెడల్పు 80 మి.మీ., ఎత్తు 50, మూలల దగ్గర ఎం6 (6 మి.మీ. వ్యాసం) బోల్టు దూరేలా 6.6 మి.మీ. రంధ్రాలు నాలుగు. కంప్యూటర్లో డ్రాయింగ్ గీసే ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీద్దాం. అలాంటివే అయిన సాలిడ్‌వర్క్స్‌లో అయినా ఫ్యూజన్‌లో అయినా లెక్క ఇదే.

స్కెచ్‌లో, అంటే ప్లేటు రూపాన్ని గీసే చదును బొమ్మలో, ప్రతి ఆకారానికీ కదిలే స్వేచ్ఛ ఉంటుంది. గీతకు రెండు చివరలు, ఒక్కో చివర అడ్డంగానూ నిలువుగానూ కదలగలదు కాబట్టి 4. వృత్తానికి సెంటర్‌తో 2, సైజుతో 1, మొత్తం 3. ఆ స్వేచ్ఛను తగ్గించే షరతే కన్‌స్ట్రెయింట్, అది ఆకారాల మధ్య సంబంధమైనా కావచ్చు, కొలతైనా కావచ్చు. షరతు మనం చెప్తే బొమ్మను ప్రోగ్రామ్ సర్దడం కొత్తదేమీ కాదు, 1963లో ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉంది.

ఆరిజిన్ (అడ్డం, నిలువు అక్షాలు కలిసే బిందువు) చుట్టూ, సుమారు అసలు సైజులోనే రెక్టాంగిల్ గీయండి. మరీ పెద్దగా గీసి చిన్న కొలత పెడితే కొన్ని ఆకారాలు తిరగబడతాయి. నాలుగు గీతలకు 16. మూలలు కలవడంతో 8, అడ్డం-నిలువు షరతులతో 4 పోతాయి. ఇవి టూలే పెట్టేస్తుంది. మిగిలిన 4లో, ఎదురు మూలలు రెండిటినీ ఆరిజిన్‌నూ ఎంచి సిమెట్రిక్ (మధ్య బిందువుకు అటూ ఇటూ సమదూరం) పెడితే 2 పోతాయి. 80, 50 కొలతలతో సున్నా, అంటే ఇక ఏదీ కదలదు. గీతలు ఆకుపచ్చగా మారతాయి.

ఇక్కడ చాలామంది ఎదురు భుజాలకు ఈక్వల్ కూడా పెడతారు. రెక్టాంగిల్‌లో అవి ఎలాగూ సమానమే, అందుకే అదనపు షరతని సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. అప్పుడు కంగారుపడి దొరికినవన్నీ చెరపకండి. చివర పెట్టిందొక్కటే తీయండి.

ఇక రంధ్రాలు. నాలుగు వృత్తాలకు 12. మొదటిదానితో మిగతా మూడిటికీ ఈక్వల్ పెడితే 3 పోతాయి. రెండోది నిలువు అక్షానికి, మూడోది అడ్డం అక్షానికి, నాలుగోది ఆరిజిన్‌కు మొదటిదానితో సిమెట్రిక్: ఇంకో 6. మిగిలినవి మూడే. ఒకటి వ్యాసం 6.6, మిగతా రెండూ స్థానానివి.

ఆ స్థానం ఎక్కడి నుంచి కొలుస్తారన్నదే అసలు ప్రశ్న. రంధ్రం సెంటర్ నుంచి రంధ్రం సెంటర్‌కు 60, 30 అనవచ్చు. లేదా రెండు అంచుల నుంచీ 10, 10 అనవచ్చు. ఇప్పుడు రెండూ ఒకే బొమ్మ. రేపు వెడల్పు 120 చేయండి: మొదటి పద్ధతిలో రంధ్రాలు కదలవు, రెండో పద్ధతిలో అంచులతో పాటు జరిగి మధ్య దూరం 100 అవుతుంది. ప్లేటు మోటారు బేస్ మీద కూర్చోవాలంటే మొదటిదే సరి. అంచు దగ్గర లోహం తగ్గకూడదంటే రెండోది. దీన్ని సాఫ్ట్‌వేర్ చెప్పదు, బిగించే చోటును చూసి మీరే నిర్ణయించాలి. రెండూ కలిపి పెడితే మాత్రం స్కెచ్ ఒప్పుకోదు.

ఆకుపచ్చ రంగు కోసం ఉన్నచోటే బిగించేసే బ్లాక్ లేదా లాక్ షరతులు పెట్టేవాళ్లున్నారు. దయచేసి అలవాటు చేసుకోకండి. రంగు వస్తుంది గానీ తర్వాత ఒక్క కొలత మార్చినా స్కెచ్ మొరాయిస్తుంది. కొలతలు పెట్టకముందే మూలలను మౌస్‌తో లాగి చూడండి. ఏది కదలకూడదో అది కదిలితే అక్కడ సంబంధం లోపించినట్టు. కర్సర్ దగ్గరగా వెళ్లినప్పుడు తానంతట తానే అంటుకున్న అక్కర్లేని షరతు కూడా అప్పుడే బయటపడుతుంది.

లేజర్ కటింగ్‌కు డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్ ఫైలు) పంపేముందు రెండు పరీక్షలు చేయండి. మూలలన్నీ నిజంగా కలిశాయా? కంటికి కలిసినట్టుండి కొంచెం ఎడం ఉన్నా ప్యాడ్ (స్కెచ్‌కు మందం ఇవ్వడం) చేయనివ్వదు. ఫ్రీక్యాడ్‌లోని వ్యాలిడేట్ స్కెచ్ ఆ చోట్లను పట్టిస్తుంది. ఒకే గీత మీద ఇంకో గీత పడిందా? కనిపించకపోయినా, షాపులో గమనించకపోతే మెషిన్ అదే దారిని రెండుసార్లు కోస్తుంది, అంచు కాలిపోతుంది. అనుమానం ఉన్న గీతను ఒకటి చెరిపి చూడండి, కింద ఇంకోటి మిగిలితే ఉన్నట్టే.