ఒంటిగంట మీటింగులు మానెయ్యండి

(ఆఫీసు హెల్త్ క్యాంప్‌లో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. స్టేజి మీదున్న పెద్దలకి, క్యాంప్ పెట్టిన హెచ్ఆర్ వాళ్ళకి, పొద్దున్నుంచి ఓపిగ్గా బీపీలు చూస్తున్న సిస్టర్లకి పేరుపేరునా చెప్పాలి గానీ టైమ్ తక్కువిచ్చారు, ఏమీ అనుకోకండి. నన్ను ఉద్యోగుల ఆహారపు అలవాట్ల మీద మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు, అకౌంట్స్‌లో చేసి రిటైరైనదాన్ని. ఏం తినాలో మీ ఫోన్లలో రోజూ వస్తూనే ఉంటుంది, అసలు మిమ్మల్ని తిననిస్తున్నారా లేదా, నా బాధంతా అదీ.

2025లో బయటికొచ్చిన ఒక పరిశోధన చాలామంది పేపర్లో చదివే ఉంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు, ఏఐజీ హాస్పిటల్ వాళ్ళు కలిసి మన ఊళ్ళో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని చూస్తే నూటికి 84 మందికి లివర్‌లో కొవ్వు పేరుకుపోయి ఉంది. మందు ముట్టనివాళ్ళకీ వస్తుందిది, నొప్పి ఉండదు, చాలామందికి స్కాన్ తీస్తేగానీ తెలీదు. మొదట్లోనే పట్టుకుని బరువు తగ్గితే లివర్ మళ్ళీ కోలుకుంటుంది కూడా, అందుకే భయపెట్టట్లేదు, చెప్తున్నానంతే.

ఈరోజు ఇంట్లో టిఫిన్ తిని వచ్చినవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చూడండి, ఆడవాళ్ళ వైపు ఎంత తక్కువ చేతులు లేచాయో! ఇంట్లో అందరికీ బాక్సులు కట్టి, తను మాత్రం ఖాళీ కడుపుతో క్యాబ్ ఎక్కుతుంది. ఆఫీసుకి రాగానే మెషిన్ టీ, ఆ ప్రీమిక్స్ పొడిలో చాలావరకు పంచదార ముందే కలిపేసి ఉంటుంది. కప్పుకి రెండు స్పూన్లని లెక్కేసుకున్నా నాలుగు కప్పులకి 30, 40 గ్రాములు, మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళేమో రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటున్నారు. ఇంక సాయంత్రం బజ్జీల బండి, రాత్రి పదిన్నరకి ఆర్డర్ పెట్టిన బిర్యానీ... సరే అవన్నీ మీకు తెలిసినవే, నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

మా సెక్షన్లో ఒక పెద్దాయన ఉండేవారు, షుగర్ పేషెంటు. పొద్దున మాత్ర వేసుకునేవారు, ఒంటిగంటకల్లా కచ్చితంగా అన్నం తినాలి. మార్చి నెల, ఏడాది లెక్కల క్లోజింగ్, పన్నెండింటికి మొదలైన రివ్యూ రెండున్నరైనా అవ్వలేదు, పైనున్నాయన "ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు" అంటూనే ఉన్నారు. ఈయనకి చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెప్తున్నారు, మేమంతా హార్ట్ ఎటాక్ అనుకుని హడలిపోయాం. టీ ఇవ్వడానికొచ్చిన క్యాంటీన్ కుర్రాడు చూసి "మా నాన్నకీ ఇలాగే అవుద్ది మేడమ్, షుగర్ డౌనైంది" అని గ్లాసు నీళ్ళలో గుప్పెడు పంచదార కలిపి కొంచెం కొంచెంగా తాగించాడు. కాసేపటికి తేరుకున్నారు. ఏంటండీ, మధ్యలో లేచి తినేసి రావచ్చు కదా అంటే ఆయనేమన్నారో తెలుసా, "అంతమంది పెద్దాఫీసర్ల ముందు లేచి, నేను అన్నం తినాలండీ అని ఎలా అడుగుతానమ్మా?" అన్నారు.

అన్నం తినడానికి సిగ్గుపడ్డారండీ ఆయన! ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి! బాక్సు తీసి చూస్తే దోసకాయ పప్పు, గోరుచిక్కుడు వేపుడు, ఎండకి పులిసిపోయిన పెరుగు. వాళ్ళావిడ పొద్దున్నే లేచి వండి పంపింది.

ఫ్యాక్టరీలో మెషిన్ దగ్గర నిలబడే మనిషికి 1948 చట్టంలోనే రాసిపెట్టారు, ఐదు గంటలకి మించి ఏకధాటిగా పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని. ఏసీలో కూర్చున్నంత మాత్రాన మనకి ఆకలెయ్యదా? ఇప్పటి పిల్లల్ని చూస్తున్నాను, మ్యూట్‌లో పెట్టి, కెమెరా ఆపేసి, స్క్రీన్ చూస్తూ ఏం తింటున్నారో తెలీకుండా మింగేస్తున్నారు.

అందుకని ముందు వరసలో కూర్చున్న మేనేజర్లూ, మిమ్మల్నే బాబూ, మీరూ మా పిల్లల్లాంటివాళ్ళే, అడుగుతున్నాను. ఒంటిగంట నుంచి రెండింటి దాకా మీ టీమ్ క్యాలెండర్లు బ్లాక్ చెయ్యండి. క్లయింట్ కాల్ ఉందంటారా, ఆ ఒక్కరోజు లంచ్ టైమ్ అటూ ఇటూ జరపండి, రోజూ కాదు. నైట్ షిఫ్ట్ వాళ్ళకి క్యాంటీన్ తొందరగా మూసేస్తున్నారని ఇందాక ఒకమ్మాయి చెప్పింది, వాళ్ళకి రాత్రిపూట చిప్స్ మెషిన్ తప్ప దిక్కు లేదట. పెరుగన్నం, ఒక కూర, ఉడకబెట్టిన గుడ్లు ఉంచితే చాలు. అది ఎప్పటినుంచి పెడతారో హెచ్ఆర్ వాళ్ళు ఇప్పుడే ఈ మైక్‌లో చెప్తే బాగుంటుంది. రండమ్మా.