ఎదుటి మనిషి మిమ్మల్ని చూడలేదు

శ్రోతలకు నమస్కారం.

శుక్రవారం చీకటి పడ్డాక బెంగళూరు మడివాళలో ఎటు తిరిగినా తెలుగే వినిపిస్తుంది. తిరుపతి, నెల్లూరు, విజయవాడ వెళ్లే ప్రైవేటు బస్సులు హోసూరు రోడ్డు అంచున బారులు తీరి ఉంటాయి. బస్సు డ్రైవరు ఫోను చేసి, "రోడ్డుకు అవతల ఉన్నాం, తొందరగా రండి" అంటాడు. భుజాన సంచీ, ఒక చేత్తో పిల్లవాడు, ఇంకో చేతిలో ఫోను. ఆగి ఉన్న రెండు బస్సుల సందులోంచి మనవాళ్లు రోడ్డు మీదికి అడుగు వేస్తారు. అటు వేగంగా వచ్చే బైకు నడిపే అతనికి ఆ సందులో మనిషి ఉన్న సంగతే తెలియదు.

తొందర తగ్గించుకోండి, నియమాలు పాటించండి అనే మాటలు మీరు చాలాసార్లు విన్నారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది వేరు. కూడలిలో ఒకరికొకరు కనిపించకుండా పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. "వాడు నన్ను చూస్తున్నాడులే" అన్న నమ్మకంతో మనం ఆ చోట్లలోకి వెళ్తాం. ఆ నమ్మకం ప్రాణాలు తీస్తోంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 19 శాతానికి పైగా పాదచారులు. అంటే చనిపోయిన ప్రతి పదిమందిలో ఆరుగురికి చుట్టూ ఇనుప గోడ లేదు, తలుపు లేదు. వీళ్లు ఎదుటివారికి కనిపించి తీరాలి. కానీ అందరికంటే తక్కువగా కనిపించేది కూడా వీళ్లే.

సిల్క్ బోర్డు కూడలి మీకు తెలిసిందే. హోసూరు రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు అక్కడ కలుస్తాయి. సిగ్నల్ పడగానే బైకులు, స్కూటర్లు సందు దొరికిన చోటల్లా దూరి ముందు వరసకు చేరుకుంటాయి. ఆగి ఉన్న బస్సుకు ఎడమ పక్కన, ఫుట్‌పాత్‌కూ బస్సుకూ మధ్య కొంచెం ఖాళీ కనిపిస్తుంది. అక్కడే ఒక స్కూటరు వచ్చి నిలబడుతుంది. పొడవైన బస్సు ఎడమకు తిరగాలంటే డ్రైవరు ముందు కాస్త కుడికి జరిగి, ఆ తర్వాత తిప్పుతాడు. కుడికి జరిగినప్పుడు ఎడమ పక్క ఖాళీ పెరుగుతుంది. అది తన కోసమే వదిలాడనుకుని స్కూటరు ముందుకు వెళ్తుంది. అప్పుడు బస్సు తిరుగుతుంది. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు. అవి మూల వైపుకు లోపలికి కోసుకుంటూ వస్తాయి. బస్సు ఎంత పొడవైతే ఈ కోత అంత లోపలికి ఉంటుంది. కంటైనరు లారీ అయితే మరీ ఎక్కువ. డ్రైవరు ఎత్తులో కూర్చుని ఉంటాడు, ముందు ఎడమ తలుపు కింద ఉన్న స్కూటరు అతని అద్దంలో పడదు. అతను నిర్లక్ష్యంగా నడపకపోయినా ఈ ప్రమాదం జరుగుతుంది. అందుకే దీని గురించి ఇంతసేపు చెబుతున్నాను. బస్సు అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనిపించకపోతే మీరూ అతనికి కనిపించరు. బస్సు వెనకే ఆగండి. ఆఫీసుకు రెండు నిమిషాలు ఆలస్యమైనా సరే.

రెండో చోటు జీబ్రా గీతల దగ్గర. రోడ్డు దాటుతున్న ఒక పెద్దావిడ కోసం ఎడమ వరసలో ఒక బస్సు మర్యాదగా ఆగుతుంది. ఆమె ధైర్యం చేసి బస్సు ముందునుంచి నడుస్తుంది. వెనకనుంచి వచ్చే బైకు అతనికి బస్సు ఎందుకు ఆగిందో తెలియదు, దాని కుడి పక్కనుంచి దూసుకుపోతాడు. బస్సు చాటునుంచి ఆమె బయటికి వచ్చేది సరిగ్గా అప్పుడే. ముందు వాహనం కారణం లేకుండా ఆగిందనిపిస్తే, కారణం మీకు ఇంకా కనిపించలేదని అర్థం. హారన్ కొట్టకుండా వేగం తగ్గించండి.

ఇక సిగ్నల్ మారే ఆ కొద్ది క్షణాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 40 మీటర్ల వెడల్పున్న కూడలి దాటడానికి దాదాపు నాలుగు సెకన్లు పడుతుంది. పసుపు లైటు చివరలో లోపలికి దూరిన కారు, అటువైపు ఆకుపచ్చ పడేసరికి ఇంకా కూడలి నడుమనే ఉంటుంది. అటు ఎదురుచూస్తున్నవారు అంకెల బోర్డు మీద మూడు, రెండు చూసి ఒకటి పడకముందే కదులుతారు. వాళ్లు చూస్తున్నది అంకెలను, రోడ్డును కాదు. పసుపు లైటు ఉన్నది ఆగడానికే. సురక్షితంగా ఆగలేనంత దగ్గరికి వచ్చేసినవారు మాత్రమే దాటాలి. ఆకుపచ్చ పడ్డాక కూడా ఒకసారి కుడికీ ఎడమకూ చూసి కదలడానికి పట్టేది ఒక్క సెకను. ఎర్ర లైటు ఉండగా ఎడమకు తిరగడానికి కూడా బోర్డో, ఆకుపచ్చ బాణమో అనుమతి ఇవ్వాలి. ఎక్కడపడితే అక్కడ అది మన హక్కు కాదు.

2022 చివర్లో బెంగళూరులో 50 ప్రధాన కూడళ్ల దగ్గర ఉల్లంఘనలను వాటంతటవే పట్టే కెమెరాలు వచ్చాయి. చలానా ఇప్పుడు ఫోనుకే వస్తుంది. మంచిదే. కానీ 2023 ఫిబ్రవరిలో పాత జరిమానాల మీద సగం రాయితీ ఇచ్చినప్పుడు జనం బారులు తీరి కట్టారు, వంద కోట్లకు పైగా వసూలైంది. ఆ రాయితీ నాకు నచ్చలేదు. కట్టకుండా ఆగితే జరిమానా తగ్గుతుందని నేర్పిన తర్వాత, ఎర్ర లైటు దగ్గర ఆగమని ఎలా నేర్పుతాం?

చివరగా మన ఇళ్లలోని పెద్దల సంగతి. మనవల్ని చూసుకోవడానికి అనంతపురం నుంచి, కడప నుంచి, చిత్తూరు నుంచి ఎంతోమంది తల్లిదండ్రులు బెంగళూరు వస్తారు. పొద్దున పాలకు, సాయంత్రం గుడికి రోడ్డు దాటాలి. పాదచారుల సిగ్నల్‌కు సమయం లెక్క కట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సాధారణంగా అనుకుంటారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే ఆమెకు 30 సెకన్లు కావాలి. అంటే చివరి పది సెకన్లు ఆమె ఎర్ర లైటులో నడుస్తుంది. అది ఆమె తప్పు కాదు. ఆ పది సెకన్లు ముందు వరసలో ఉన్నవారు ఇవ్వాలి. ఇంజన్ రేపి, ముందుకు జరిపి భయపెడితే ఆమె పరుగెత్తాలని చూసి పడిపోతుంది.

మీ కాలనీలోనో, అపార్ట్‌మెంట్ సంఘంలోనో ఈ మాట ఎత్తండి. మీ ఇంటి దగ్గరి సిగ్నల్‌లో రోడ్డు దాటేవారికి ఎన్ని సెకన్లు ఇస్తున్నారో, ఒక పెద్దాయన దాటడానికి ఎన్ని పడుతున్నాయో గడియారం చూసి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ట్రాఫిక్ పోలీస్ స్టేషనుకు వెళ్లి సమయం పెంచమని అడగండి. దానికి వంతెన కట్టనక్కర్లేదు, రోడ్డు తవ్వనక్కర్లేదు.

నమస్కారం.