గడ్డిలోకి విసిరేసిన మిషన్

అమ్మలకు, నాన్నలకు, మా పిల్లలకు నమస్కారం.

వినపడటానికి చెవికి పెట్టుకునే దాన్ని మనం చెవిటి మిషన్ అంటాం. పిల్లలు దాన్ని జేబులో దాచుకోవడానికి సగం కారణం ఆ మాటేనని నాకనిపిస్తుంది. పోయిన వారం గ్రౌండ్‌లో మా ఎనిమిదో తరగతి అమ్మాయి చెవి కనపడకుండా జడ ముందుకు వేసుకుని పరుగెత్తింది. అందుకే ఈ రోజు టమీకా క్యాచింగ్స్ గురించి చెబుతాను.

ఆమెది అమెరికా, బాస్కెట్‌బాల్ ప్లేయర్. తండ్రి హార్వీ కూడా అక్కడి మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏలో ఆటగాడే. టమీకాకు పుట్టుకతోనే రెండు చెవులూ సరిగా వినపడవు, మాటా స్పష్టంగా వచ్చేది కాదు. ఆ మాట విని, చెవులకున్న పెద్ద మిషన్లు చూసి బళ్లో పిల్లలు ఏడిపించేవాళ్లు. చిన్న క్లాసులో ఉండగానే ఒకరోజు విసిగిపోయి వాటిని తీసి గడ్డిలోకి విసిరేసింది. ఇంట్లోవాళ్లు వెతికినా దొరకలేదు. మళ్లీ కొనలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, కాలేజీకి వెళ్లేదాకా, ఎదుటివాళ్ల పెదవులు చూస్తూ నెట్టుకొచ్చింది.

ఆ చూపే ఆటలోనూ పనికొచ్చింది. బంతి పట్టుకున్నవాళ్ల భుజం ఎటు వాలుతోందో, కళ్లు ఎవరిని వెతుకుతున్నాయో గమనిస్తే పాస్ ఎటు వెళ్తుందో ముందే తెలిసిపోతుంది. ఆడవాళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆమె మొత్తం 1,074 సార్లు ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కుంది. 2016లో రిటైరయ్యే నాటికి లీగ్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. ఉత్తమ డిఫెండర్ అవార్డు 5 సార్లు వచ్చింది.

కానీ చూపు ఒక్కటే సరిపోయిందని నేను చెప్పను. టెన్నెసీ యూనివర్సిటీలో కోచ్ ప్యాట్ సమ్మిట్ ఆమెను కూర్చోబెట్టి, మళ్లీ మిషన్లు పెట్టుకోమని, స్పీచ్ థెరపీకి వెళ్లమని నచ్చజెప్పింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అప్పటికే టమీకా గొప్ప ప్లేయర్. మిషన్ లేకపోయినా జట్టు గెలుస్తూనే ఉండేది. అయినా ఆ కోచ్ ఆటతో సరిపెట్టుకోలేదు, పిల్ల జీవితం గురించి ఆలోచించింది. 1997-98 సీజన్‌లో ఆ టెన్నెసీ జట్టు ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచింది. తర్వాత డబ్ల్యూఎన్‌బీఏలో ఆమె జట్టు ఇండియానా ఫీవర్‌కు 2012లో టైటిల్, అమెరికాకు వరసగా 4 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, అన్నిట్లోనూ ఆమె ఉంది.

అమ్మా, నాన్నా, పిల్ల మిషన్ తీసేస్తే కోప్పడకండి. బళ్లో ఎవరేమన్నారో అడగండి. చెమటకు అవి పాడవుతాయని మీ టెన్షన్ నాకు తెలుసు, హెడ్‌బ్యాండ్లు తెప్పించాను. రేపు పొద్దున ఆరున్నరకు ప్రాక్టీసు. ఈలొక్కటే ఊది ఊరుకోను, చెయ్యి కూడా ఎత్తుతాను. మాట్లాడేటప్పుడు మీకు నా నోరు కనపడేలా నిలబడతాను.