ఓటర్లా, ఎలక్టర్లా? అమెరికా అధ్యక్ష ఎన్నికపై ప్రసంగం

అందరికీ నమస్కారం.

అమెరికా అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది ఎలక్టోరల్ కాలేజీ, అంటే ఎలక్టర్ల బృందం. ఆ పేరు వినగానే మనకు ముందు గుర్తొచ్చేది మన రాష్ట్రపతి ఎన్నిక. 1971 జనాభా లెక్కను బట్టి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. అమెరికా పద్ధతికి పేరులో తప్ప దీనితో పోలిక లేదు. మన దగ్గర ఎమ్మెల్యే ఎవరికి వేస్తే ఆ ఓటు వారికే పడుతుంది. అమెరికాలో లాగా రాష్ట్రం మొత్తం ఒకరి ఖాతాలోకి పోదు. 1969లో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలకపోతే, తక్కిన ప్రాధాన్యాలు లెక్కపెట్టాకే వి.వి. గిరి నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. పైగా మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి. అమెరికా అధ్యక్షుడు స్వయంగా పాలించే మనిషి. అంత అధికారం చేతికిచ్చేటప్పుడు జనం ఓట్లు నేరుగా లెక్కపెట్టాలన్నదే నా వాదన.

అక్కడ మొత్తం ఎలక్టర్లు 538 మంది. కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే అన్ని ఎలక్టర్లు. ప్రతినిధుల సభలో సీట్లు 435, సెనేట్‌లో 100, వాషింగ్టన్ డీసీకి 1961 సవరణతో వచ్చినవి 3. గెలవడానికి 270 కావాలి. నవంబరులో ఓటరు బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు చూస్తాడు గానీ, చట్టప్రకారం ఎంచుకుంటున్నది ఆ అభ్యర్థి తరఫు ఎలక్టర్లను. వాళ్లు డిసెంబరులో ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై ఓటేస్తారు. జనవరి 6న కాంగ్రెస్ ఆ ఓట్లను లెక్కిస్తుంది.

ఈ ఏర్పాటు 1787లో ఫిలడెల్ఫియా సభలో పుట్టింది. చిన్న రాష్ట్రాల కోసం పెట్టారని తరచూ చెబుతారు. అది సగం నిజమే. నేరుగా ఎన్నిక పెడితే ఓటు హక్కు లేని బానిసల వల్ల దక్షిణాదికి బలం ఉండదని ఆ సభలోనే వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ అన్నాడు. ఎలక్టర్లను సీట్లతో ముడిపెడితే, సీట్ల పంపకంలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించే నిబంధన అధ్యక్ష ఎన్నికలోకీ వచ్చింది. 1790 జనగణనలో వర్జీనియా జనాభా 7,47,610. అందులో బానిసలు 2,92,627 మంది. వాళ్లు ఓటు వేయలేరు, కానీ వాళ్ల తలల లెక్క మాత్రం యజమానుల బలాన్ని పెంచింది.

ఇక నేటి సంగతి. వయోమింగ్‌కు 3 ఎలక్టర్లు, 2020 జనాభా 5,76,851. కాలిఫోర్నియాకు 54, జనాభా 3,95,38,223. అంటే ఒక ఎలక్టరుకు వయోమింగ్‌లో 1.92 లక్షల మంది, కాలిఫోర్నియాలో 7.32 లక్షల మంది. ఇది అన్యాయమే. కానీ అసలు జబ్బు దీనికంటే లోతైనది. 2016నే తీసుకోండి. హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ట్రంప్ గెలిచారు. రాష్ట్రాల ఫలితాలను బట్టి లెక్క 306–232. సెనేట్ సీట్ల లెక్కన ప్రతి రాష్ట్రానికీ, డీసీకీ వచ్చే రెండేసి ఎలక్టర్లను తీసేసి చూస్తే 246–190. అప్పుడూ ట్రంపే! 2000లో మాత్రం ఆ రెండేసి తీసేస్తే బుష్ ఓడిపోయేవారు.

కాబట్టి ప్రధాన లోపం, రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా అక్కడి ఎలక్టర్లంతా ఒకరికే పోవడం. ఇది రాజ్యాంగంలో లేదు. రాష్ట్రాలు చేసుకున్న చట్టం. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే నియోజకవర్గాల వారీగా కొన్ని ఎలక్టర్లను పంచుతాయి. మిగతావి ఎందుకు మార్చుకోవంటే, ఒంటరిగా మార్చుకున్న రాష్ట్రంలో పెద్ద పార్టీయే నష్టపోతుంది. చట్టం చేసేది ఆ పార్టీయే కదా!

డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు గంటసేపు క్యూలో నిలబడి ఓటేస్తారు. టెక్సస్ 1976 తర్వాత డెమొక్రాట్లకు, న్యూజెర్సీ 1988 తర్వాత రిపబ్లికన్లకు దక్కలేదు. ఆ ఓట్ల కోసం ఏ అభ్యర్థీ పెద్దగా చెమటోడ్చడు. 2024లో పోటీ అంతా ఏడు రాష్ట్రాల్లోని 93 ఎలక్టర్ల చుట్టూ తిరిగింది.

నేరుగా ఎన్నిక పెడితే దేశమంతా మళ్లీ లెక్కపెట్టాల్సి వస్తుందనే అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. కానీ 2000లో దేశవ్యాప్త తేడా 5 లక్షల పైచిలుకు, లెక్కింపు వివాదంతో ఫలితమంతా ఆగిపోయిన ఫ్లోరిడాలో తేడా 537. 2020లో బైడెన్‌కు 70 లక్షలకు పైగా ఆధిక్యం ఉంది. అయినా అరిజోనా (10,457), జార్జియా (11,779), విస్కాన్సిన్ (20,682) తేడాలు తారుమారైతే 269–269 అయ్యేది. అప్పుడు ప్రతినిధుల సభలో రాష్ట్రానికొక్క ఓటు చొప్పున 26 వచ్చినవారే అధ్యక్షుడు. వయోమింగ్ ఒక్క సభ్యుడూ, కాలిఫోర్నియా సభ్యులంతా కలిసీ సమానం. డీసీకి ఓటే లేదు. లెక్క చిన్న చిన్న గదుల్లోకి చీలినకొద్దీ వివాదం పెరుగుతుందే గానీ తగ్గదు.

రాజ్యాంగం మార్చకుండానే దాటేయాలని 2007 నుంచి కొన్ని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామని. బలం 270 దాటితేనే అమలు. 2024లో మెయిన్ చేరాక 209 అయింది. దీనికి నేను సందేహంతోనే మద్దతిస్తాను. సభ్య రాష్ట్రం తన చట్టాన్ని రద్దుచేసి బయటికి పోవచ్చు. దేశవ్యాప్త మొత్తాన్ని అధికారికంగా ప్రకటించే సంస్థ లేదు. మెయిన్, అలాస్కాల్లో ఓటరు ప్రాధాన్యక్రమం రాస్తాడు; అక్కడ తొలి లెక్క తీసుకోవాలా, చివరిదా?

గట్టి దారి సవరణే. కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం. కష్టమే గానీ ఒకసారి దగ్గరికొచ్చింది. 1969లో ప్రతినిధుల సభ 338–70తో ఆమోదించిన ముసాయిదాలో, కనీసం 40 శాతం ఓట్లతో ముందున్నవారు గెలుస్తారు. ఎవరికీ అంత రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్. సెనేటర్ బర్చ్ బై దాని కోసం పోరాడాడు. 1970లో సెనేట్‌లో కొందరు చర్చను సాగదీసి అడ్డుకున్నారు. చర్చ ముగించాలన్న తీర్మానానికి 54–36 వచ్చింది, ఆరు ఓట్లు తక్కువ. 1979లో మళ్లీ తెస్తే సెనేట్‌లో 51–48 వచ్చింది, మూడింట రెండు వంతులకు చాలలేదు. ఆ 40 శాతం నిబంధనకు, రీకౌంటింగ్‌కు దేశమంతటా ఒకే నియమాన్ని జోడించి అదే ముసాయిదాను మళ్లీ సభ ముందు పెట్టాలని నేను కోరుతున్నాను.