తూము నుంచి బోరు గొట్టం దాకా

పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

చెరువుల గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను గానీ, నా మనసంతా బోర్ల మీదే ఉంది. చెరువుతో మొదలుపెట్టి అక్కడికే వస్తాను.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి వేయించిన శాసనం అది. వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలు కూడా చెప్పారు. నాకు బాగా నచ్చింది ఆ దోషాల పట్టీ. కట్ట కారడం, చౌడు నేల కావడం వంటివి ఏ ఒడ్డెర మేస్త్రీ అయినా చెబుతాడు. కానీ రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషమేనట! నీళ్లు తక్కువై సాగునేల ఎక్కువ కావడమూ దోషమే. చెరువును చెరిచేది గండి ఒక్కటే కాదు, తగాదా కూడా అని ఆనాడే కనిపెట్టారు.

ఆ తగాదా రాకుండా చూసేవాడు నీరుగట్టి. కొన్నిచోట్ల నీరటికాడు అంటారు. తూము తెరవడం, మూయడం, మడి మడికీ వంతు ప్రకారం నీరు పెట్టడం అతని పని. కల్లంలో ధాన్యం కొలిచే రోజున రైతులు ఇచ్చే ధాన్యం వాటా, అంటే మేరే అతని జీతం. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలదే. ఊరి నీళ్లన్నీ వారి చేతి మీదుగా పారేవి, పారే పొలాలు మాత్రం ఎక్కువగా ఇతరులవి. కాబట్టి పాత రోజులన్నీ బంగారమని నేను అనను.

కానీ ఆ ఏర్పాటులో ఒక మంచి కిటుకు ఉంది. తెలంగాణలో యాసంగికి ముందు చెరువులో నిల్వ చూసి, ఈసారి ఎన్ని ఎకరాలకు నీరు ఇవ్వాలో ముందే తేల్చేవారు. దాన్ని తైబందీ అన్నారు. నాటు వేశాక కాదు, వేయకముందే. అది సాధ్యమైందంటే నీళ్లు అందరి కళ్లెదుటా ఉండటం వల్లే. తూము ఎంతవరకు మునిగిందో గొడ్లు కాసే పిల్లవాడైనా చెప్పగలడు.

బోరు వచ్చాక ఆ నీళ్లు కళ్లకు కనిపించకుండా పోయాయి. ఎవరి గొట్టం వారిది, ఎవరి మోటారు వారిది. నా పొలం కింద నీళ్లు నావేనని నేను అనుకుంటాను, పక్క రైతూ అలాగే అనుకుంటాడు. రాతిపొరల్లోని నీటికి మన గట్లు తెలియవు. అతని బోరు మూడు వందల అడుగులకు పోతే నాది నాలుగు వందలకు పోతుంది. అప్పు కూడా దానితోపాటే లోతుకు పోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి ఎకరాల ఊరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, దాదాపు అనంతపురం వాన. మన గట్టి రాతినేలల్లో దానిలో సుమారు పదో వంతు ఇంకుతుందనుకుంటే 55 మిల్లీమీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు పట్టుకోండి. వెయ్యి ఎకరాల మీద ఇంకిన నీళ్లు 46 ఎకరాల వరికి సరి! వేరుశనగకు 500 అనుకుంటే 110 ఎకరాలు. పొలంలో పెట్టిన నీటిలో కొంత మళ్లీ ఇంకుతుంది నిజమే, అయినా వెయ్యి ఎకరాలకూ అది చాలదు.

ఈ లెక్కను రైతులే వేసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు పేరుతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరవు జిల్లాల్లో ఆ పని జరిగింది. ఊళ్లో వానమాపకం పెట్టారు. పదిహేను రోజులకోసారి బోరులోకి తీగ వదిలేవారు. కొన నీటిని తాకగానే పైన బజరు మోగుతుంది, తీగ మీద అడుగులు చదువుకోవాలి. మోటారు వేసి డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి ధార కొలిచేవారు. ఆ అంకెలను ఊళ్లో గోడ మీద రాసేవారు. కొలిచినవారిలో ఆడవాళ్లు చాలామంది. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని పద్దు చూసుకునేవారు.

వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ కట్టడి చేయలేదు. గోడ మీద అంకె చూసి కొందరు మానుకున్నారు, కొందరు మానలేదు. ప్రాజెక్టు ముగిశాక కొన్నిచోట్ల కొలతలూ ఆగిపోయాయి. నాకు అందులో వింతేమీ కనిపించదు. నీరుగట్టికి మేర ఉండేది, తీగ వదిలేవారికి ఏమి ఉంది? కొలిచినవారికి ఊరు ఏదో ఒక రూపంలో మేర ఇవ్వాలని నా అభిప్రాయం. దీని మీద మీలో కొందరు నాతో వాదిస్తారని తెలుసు, వాదించండి.

ఈలోగా, బడి వెనక బోరు దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టించాను. ఇప్పుడు కరెంటు ఉంది. సెకన్లు ఎవరు లెక్కపెడతారు?