పెద్దవాళ్లను చూసుకునే మనిషి కావలెను

యాంకర్: మాస్టారూ, మన బ్రాడీపేటలో ఏ ఇంట్లో చూసినా ఇద్దరు పెద్దవాళ్లే. పిల్లలేమో డల్లాస్, బెంగళూరు. గుంటూరు ముసలిదైపోతోందా?

మాస్టారు: గుంటూరే ఏంటమ్మా, రాష్ట్రమంతా అంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి.

యాంకర్: అందుకేగా ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు!

మాస్టారు: (నవ్వుతూ) ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. సరే. ఇవాళ పుట్టిన పిల్ల సంపాదనలో పడాలంటే ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. మా వీధిలో తుంటి ఎముక విరిగినావిడకి మనిషి కావాల్సింది ఈ వారం!

యాంకర్: ఆ మనిషే దొరకట్లేదు కదండీ.

మాస్టారు: ఇదివరకు ఆ పని కోడలు చేసేది. జీతం లేదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇప్పుడు కోడలు ఉద్యోగానికి వెళ్తోంది, ఆ పని ఖరీదెంతో తెలిసొస్తోంది. ఊళ్ల నుంచి వచ్చే ఆయాలు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు. సెలవుండదు, పీఎఫ్ ఉండదు. మంచంలో ఉన్న మనిషిని పక్కకి ఎలా తిప్పాలో కూడా చాలామందికి ఎవరూ నేర్పలేదు. తప్పు వాళ్లది కాదు.

యాంకర్: డాలర్లు వచ్చే ఇళ్లలో ఆయాని పెట్టుకుంటారు. పింఛనుతో బతికే ఇంట్లో?

మాస్టారు: నెలకు 4,000. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఆ డబ్బుతో మందులొస్తాయి, ఇంట్లో ముసలావిడ మాటకి కాస్త విలువొస్తుంది. అది చిన్న లాభం కాదు. కానీ ఆవిడ మంచాన పడిందనుకో, కూతురు మిర్చి తొడిమలు తీసే కూలి మానేసి ఇంట్లో కూర్చోవాలి. వచ్చే పింఛను ఒకటి, పోయే కూలి ఒకటి.

యాంకర్: మరి ఏం చేయాలంటారు?

మాస్టారు: నన్నడిగితే వార్డుకో డే కేర్ పెట్టాలి. పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్లేలా. అక్కడ ఈ ఆయాలకే శిక్షణ ఇచ్చి, జీతంతో పెట్టుకోవాలి. చంటిపిల్లలకి అంగన్‌వాడీ ఉన్నప్పుడు పెద్దవాళ్లకెందుకు ఉండకూడదు?

యాంకర్: రేపు ఆ ఆయాకే అరవై దాటితే?

మాస్టారు: అప్పుడు ఆవిడా పింఛనుకే అప్లై చేసుకోవాలి. ఈలోగా ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోమను. అక్కడ తేడా ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు.